మానసౌకసులు: హంస విషయమైన కవిసమయముల విమర్శము

కావ్యపాఠము చెప్పునపుడు హంసశబ్దము తటస్థించినంతనే "ఇది కవిసమయము" అని చెప్పి ముందునకు సాఁగుట మన పాఠశాలలలో వాడుక. చకోరము వెన్నెలఁ ద్రావుట, అశోకము కాంతాపాదతాడనముచేఁ బూచుట, చక్రవాకదంపతులు రాత్రి యెడఁబాయుట, హంసలు వర్షాకాలమున మానససరస్సున కేఁగుట, ఇవి యన్నియు నొక్క గాటఁ గట్టఁబడినవి. వినెడి విద్యార్థి యీ యన్నింటిని సమానముగాఁ గల్లలనియే గ్రహించును. కవి తన కంటితోఁ దేనిని జూడక, పూర్వులు చెప్పినదానినే చెప్పెడివాఁడని తలంచును. ఈ గుంపులో నొకటి చేరఁదగినది కాదనియు, హంసల రాకపోకలు కన్నులారఁ జూడఁదగిన సత్యమనియుఁ జూపుటకే యీ వ్యాసము. ఇది నిలిచెనేని మన ఋతువర్ణనలను జదివెడి తీరు కొంత మాఱవలసి యుండును.

మొదట లాక్షణికుల మాట విచారింతము. కవిసమయములను శాస్త్రీయముగా విభజించినవారిలో రాజశేఖరుఁడు ముఖ్యుఁడు. కావ్యమీమాంసయం దాతఁడు లేనిదానిని జెప్పుట, ఉన్నదానిని జెప్పకుండుట, పలుచోట్లనున్నదానిని నొక్కచోటికే నియమించుట యని మూఁడు తెఱఁగులు చేసెను. ఇందు మొదటి తెఱఁగున కాతఁ డిచ్చిన యుదాహరణములలో జలాశయమాత్రమునందెల్ల హంసాదులను వర్ణించుట యొకటి. ఈ మాట మిక్కిలి జాగ్రత్తగాఁ జదువఁదగినది. హంస లేనిపక్షి యని రాజశేఖరుఁడు చెప్పలేదు. ప్రతి చెఱువునను, ప్రతి కొలఁకునను నున్నదనుట మాత్రమే కల్పన యనినాఁడు. అనఁగా హంసలుండు తావులు కొన్ని యున్నవనియు, లేని తావులు పెక్కులున్నవనియు నాతఁ డెఱుఁగును. ఇది యెఱిఁగినవాఁడు మాత్రమే చేయఁగల విభాగము.

పిదప పదునాలుగవ శతాబ్దిలో విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ గవిసమయముల పట్టిక నొకదానిని గూర్చెను. అందుఁ జకోరముల జ్యోత్స్నాపానము ప్రక్కనే మేఘసమయమున హంసలు మానసమున కేఁగుటయు వచ్చి చేరినది. రాజశేఖరుఁడు చేసిన సున్నితమైన భేదము విశ్వనాథుని పట్టికలో మాసిపోయినది. మన పండితులకు సాహిత్యదర్పణమే యెక్కువ పరిచితము గావున, సత్యమొకటి యసత్యముల సాంగత్యముచేఁ దానును నసత్యమని పేరుపడెను. వలసపోవు పక్షి కెక్కువ యపకారము చేసినది పట్టికయే కాని కవి కాఁడు.

ఇఁక హంస యనఁగా నేపక్షి? నిఘంటువులు "పక్షివిశేషము" అని యూరకుండుట కలదు. మోనియర్ విలియమ్సు 1899 సంవత్సరపు నిఘంటువులోఁ బెద్దబాతు, స్వాన్, ఫ్లెమింగో మొదలగు వానినెల్ల నొకే శబ్దముక్రింద నుంచెను. కాఁబట్టి మూఁడు పక్షులు మనముందు నిలుచుచున్నవి.

అందు స్వాన్ అను పాశ్చాత్యపక్షి హిందూదేశమునకుఁ గ్రమముగా వచ్చునది కాదు. వాయవ్యసీమలందు మిక్కిలి యరుదుగా దారితప్పి కనఁబడుటయే కాని యేఁటేఁట గుంపులుగా దిగుట లేదు. అయినను నేఁడు మన బాలురలో హంస యనఁగా నెవరి మనస్సునకైనఁ దోఁచునది యా పక్షియే. దీనికిఁ గారణములలోఁ జిత్రపటములు ముఖ్యములు. రవివర్మ 1899లో వ్రాసిన హంసదమయంతీ చిత్రమున దమయంతి ముందు నిలిచినది పొడుగుమెడ గల యట్టి తెల్లని పక్షియే. ఆ పటపు ప్రతులు ఇంటింటి గోడలకెక్కిన పిదపఁ బ్రాచీనుల హంస మఱుఁగుపడినది. ప్రాచీనశిల్పులు మాత్రము వేఱొక పక్షిని జెక్కిరి. లౌరియానందనగఢమునందలి యశోకస్తంభము తలకట్టుపై వరుసదీఱిన హంసలు పొట్టిమెడలతో, బలిసిన మేనులతో నేలపై గింజల నేఱుకొనుచున్నట్లున్నవి. అవి పెద్దబాతులని చూచినంతనే తెలియును. హాలండుదేశపు విద్వాంసుఁడు ఫోగెల్ 1962లోఁ బ్రకటించిన గ్రంథమున సాహిత్యశిల్పముల రెంటిని బరిశీలించి యీ నిర్ణయమునకే వచ్చెను. భాషాశాస్త్రమును దీనికే సాక్షి. హంసశబ్దము లాటినుభాషలోని అన్సెర్, జర్మనుభాషలోని గాన్స్, ఆంగ్లమునందలి గూస్ అను వానికి సోదరము. ఇవి యన్నియుఁ బెద్దబాతునే చెప్పును.

ఫ్లెమింగో విషయమున నొకమాట యొప్పుకొనవలసి యున్నది. అమరసింహుఁడు ఎఱ్ఱని ముక్కును కాళ్లును గలిగి తెల్లనైనదానిని రాజహంస యనియు, మలినములైన ముక్కుకాళ్లు గలదానిని మల్లికాక్షమనియు, నల్లనివి గలదానిని ధార్తరాష్ట్రమనియు వేఱుపఱచెను. ఈ మొదటి లక్షణము ఫ్లెమింగోకుఁ జక్కఁగా నతుకును. పులికాటు సరస్సునకు వచ్చు నా పక్షులను నేఁడు తెలుఁగువారు రాజహంసలనియే పిలుచుచున్నారు; ఆ వాడుక తప్పని నే ననను. కాని హంసలన్నింటికి నమరుఁడు సామాన్యముగాఁ జెప్పిన పేళ్లలో మానసౌకస్సు అనునది యొకటి. మానసము నిల్లుగాఁ గలదని దాని యర్థము. ఫ్లెమింగో గ్రుడ్లుపెట్టుతావు కచ్ఛదేశపు ఉప్పుబయళ్లు. మానసముతో దానికిఁ జుట్టఱికము లేదు. కావున హంస యొక జాతివాచకమనియు, అందు ముక్కునుబట్టి, కాళ్లనుబట్టి భేదములు చేయఁబడెననియు, వలసగుణము మాత్రము పెద్దబాతులకే చెందుననియుఁ దేలుచున్నది.

ఆ పెద్దబాతులలో మనదేశమున దక్షిణమువఱకు దిగివచ్చునది యొకటి కలదు. తెల్లని తలపై వెనుకవైపున రెండు నల్లని యడ్డపట్టెలు, బూడిదవన్నె మేను, నారింజరంగుతోఁ గూడిన పసుపుపచ్చ ముక్కు, అదేవన్నె కాళ్లు దీని గుఱుతులు. 1790లో లేథమను నాంగ్లేయుఁడు దీనికి శాస్త్రనామ మిచ్చునపుడు ఇండికస్ అని మనదేశము పేరే పెట్టెను. కాని యిది మనదేశపు మైదానములలో గూడు కట్టదు. టిబెట్టు, లడాఖు, మంగోలియాల యున్నతసరస్సులయొద్ద వేసవిని గడపి, పిల్లలను బెంచుకొని, చలికాలమునకు మనవైపు దిగును.

చలికాలమున మంజీరానదియొద్ద నిసుకతిన్నెలపై నీ గుంపులను జూడవచ్చును. ఎండవేళ నవి తిన్నెయంచున నొక్కకాలిపై నిలిచి, తల వెనుకకుఁ ద్రిప్పి ఱెక్కలో దాఁచి నిదురించును. కొన్ని మాత్రము మెడ నిక్కించి కావలి కాయుచుండును. మనిషి యలికిడి యైనచో మొదట నా కావలిపక్షులు కూయును. పిదప గుంపెల్ల మెడలెత్తును. ఇంకను దగ్గఱిన నొక్కపెట్టున లేచి తిన్నెచుట్టును దిరుగును. సాయంకాలమునఁ బంటచేలవైపు మేఁతకు లేచునపుడు వరుస కట్టును. ఒకదాని వెనుక నొకటి యేటవాలుగా సాఁగిన యా రెండు బారులు మొదట నొకచోటఁ గలిసికొనును. ముందుపక్షి ఱెక్కల గాలి వెనుకదానికిఁ గొంత యూఁత నిచ్చునని శాస్త్రజ్ఞులు కనుఁగొనిరి. ఈ శ్రేణిని ఋగ్వేదఋషులే చూచియున్నారు. వారి యుపమలలో హంసలు వరుసలు దీఱియే కనఁబడును. కవిత్వమున హంస మొదటినుండియు నొంటిపక్షి కాదు, బారుపక్షి.

ఇంతవఱకుఁ జెప్పిన దానినిబట్టి యుపమానములను మరల విచారింతము. హంసగమన యను మాటను నేఁటి చదువరులు కొందఱు పరిహసింతురు. వారి మనస్సున నున్నది స్వాన్ అగుటచేతనే యీ పరిహాసము. ఆ పక్షి కాళ్లు మేనికి మిక్కిలి వెనుకగా నుండుటచే నీటిపై నందముగాఁ దేలునుగాని నేలపై నడక యెబ్బెట్టుగా నుండును. పెద్దబాతు కాళ్లు మేని నడుమకుఁ జేరువగా నున్నవి. అది గడ్డిమేయు పక్షి. పగలును రాత్రియు నేలపై నడచుటయే దాని బ్రదుకు. తొందరలేక, యడుగడుగునకు మేను కొంచె మిటునటు నూఁగుచు, మెడ నిలిపి నడచు నా నడక స్త్రీల మందగమనమున కుపమానమగుటలో నేమియు వింత లేదు. ఉపమ తప్పు కాదు. మనము పక్షిని మార్చుకొంటిమి.

ధ్వనియు నిట్టిదే. కాళిదాసు ఋతుసంహారమున నందెల మ్రోఁత హంసకూజితము ననుకరించునని వర్ణించెను. కాలికడియమునకు హంసకమని పేరుండుట నమరకోశమునఁ గాంచుచున్నాము. దగ్గఱనుండి విన్నచో నీ పక్షి కూఁత ముక్కుతోఁ బల్కినట్లు కటువుగానే యుండును. సంజవేళ నూఱుపక్షులు మింటఁ బోవుచు నొండొంటిని బిలిచికొనునపుడు, దూరమున నున్నవాని చెవికి నది యెడతెగని గలగలగా వినఁబడును. అందెయు నట్లే, ఒక్క మువ్వ చప్పుడు వేఱు, మువ్వలన్నియుఁ గలసిన మ్రోఁత వేఱు. నూపురమునకు మంజీరమనియు నొక పేరు గలదు. ఆ పేరు గల నదియొడ్డున నిలిచి యీ ధ్వనిని విన్నవానికిఁ బ్రాచీనుల యుపమ నిఘంటువు విప్పకయే యర్థమగును.

ఇఁక మానసయాత్ర. మేఘసందేశమున రాజహంసలు మానసోత్సుకములై మేఘునితోఁ గైలాసమువఱకుఁ బయనించును. క్రౌంచరంధ్రము హంసలకు ద్వారమని కవి చెప్పును. ఇందు సత్యమెంత? మానసరోవరప్రాంతమున నీ పక్షులు వేసవిని గడపుటయు, గ్రుడ్లుపెట్టుటయు నేఁడు తెలిసిన విషయమే. దీనిని స్వయముగాఁ జూచి వ్రాసినవారిలో గోదావరీమండలమున 1896లో జన్మించిన తెలుఁగువాఁ డొకఁ డుండుట మనకు సంతోషకరము. స్వామి ప్రణవానంద కైలాసమానసప్రాంతమునఁ బలుమాఱులు వసించి, మానసము చెంతనున్న రాక్షసతాలమునందలి దీవిపై నీ పక్షులు గ్రుడ్లుపెట్టుటను గ్రంథస్థము చేసెను. మానసౌకస్సను నమరుని మాట కింతకంటె సాక్ష్య మేమి కావలెను?

క్రౌంచరంధ్రము మాట మఱింత రుచికరమైనది. ఈ పక్షులు ఎవరెస్టు శిఖరముమీఁదుగా నెగురునని యొక ప్రసిద్ధి యున్నది; పాఠ్యపుస్తకములయందును జోటు సంపాదించినది. ఇటీవల శాస్త్రజ్ఞులు పక్షులకుఁ జిన్నయంత్రములు గట్టి యుపగ్రహముల మూలమున వాని మార్గము నెఱిఁగిరి. అవి చాలవఱకు 5,500 మీటర్లకు లోఁబడియే యెగురుననియు, కనఁబడిన గరిష్ఠమైన యెత్తు 7,290 మీటర్లనియుఁ దేలినది. 2015లో వెలువడిన పరిశోధనము మఱియొక సంగతిఁ జెప్పుచున్నది: ఇవి యొక్కసారి పైకెక్కి యా యెత్తున నిలువక, నేల యెట్లు లేచిన నట్లు లేచి, దిగిన నట్లు దిగి, కొండల పోలికనే యనుసరించి పోవును. అనఁగా శిఖరములను దాఁటుటకంటెఁ గనుమలను బట్టి పోవుటయే వాని తీరు. శిఖరములమీఁదుగా నెగురునను మాట మనకాలపు టతిశయోక్తి. కొండసందునఁ బోవునన్న కాళిదాసు మాటయే ప్రకృతికి దగ్గఱ. ఆతఁడు దీనినెట్లు తెలిసికొనెనో, పర్వతవాసుల మాట విని చెప్పెనో, కాని కట్టుకథ మాత్రము కాదు.

అయినను విమర్శకుఁడు తన పక్షమునకుఁ బ్రతికూలమగు దానిని దాఁచరాదు. మేఘసందేశమునందు హంసలు పయనమగు కాల మాషాఢము. నిజమునకు మనదేశపు మైదానములనుండి యీ పక్షులు ఫాల్గుణచైత్రములలోనే మరలిపోవును. ఆషాఢమునాఁటి కవి తమ యెత్తైన సరస్సులయొద్దఁ బిల్లలతో నుండును. రెండుమూఁడు మాసముల తేడా చిన్నది కాదు. దీనికి నాకుఁ దోఁచిన సమాధాన మిది. పోవుచున్న పక్షి కంటఁబడుట యరుదు. లేకపోయిన పక్షియే కంటఁబడును. వానలు కురిసి చెఱువులు నిండినపుడు, నీరున్నను హంసలు లేకుండుట జనుల దృష్టికి వచ్చును. అప్పుడే పోయినవని తలంతురు. శరత్తు ముగియుచుండఁగా మరలి వచ్చుట మాత్ర మందఱును జూతురు. కాఁబట్టి రాక విషయమునఁ గవుల మాట సరిగాను, పోక విషయమున నాలస్యముగాను నున్నది. ఇది చూపులోని లోపమే కాని చూపు లేకుండుట కాదు.

దిక్కు విషయమునఁ గవులు తప్పలేదు. దీనికి వేదాంతదేశికుల హంససందేశము మంచి నిదర్శనము. అందు శ్రీరాముఁడు శరత్తున నొక హంసను సీతయొద్దకు లంకకుఁ బంపును. అది వేంకటాద్రి, సువర్ణముఖరి, కాంచి, కావేరి, శ్రీరంగములమీఁదుగా దక్షిణమునకుఁ బోవును. మేఘసందేశమున వర్షర్తువున నుత్తరమునకుఁ బోయిన హంసయే యిచట శరత్తున దక్షిణమునకు వచ్చినది. రెండుకావ్యములను జేర్చి చదివినచో నొక సంవత్సరపు వలసచక్రము పూర్ణమగును. దక్షిణదేశీయుఁడైన కవికి హంస యుత్తరమునుండి దిగివచ్చు నతిథి. ఉత్తరదేశపు కవికి నుత్తరమునకుఁ బోవు బాటసారి. ఒక్క కవిసమయమునే యనుకరించినవారైనచో నీ భేద మేల కలుగును?

తెలుఁగుకవులకు వత్తము. నన్నయభట్టు శరదాగమమును వర్ణించుచు, దానిని బ్రహ్మవాహనముతో శ్లేషచేఁ బోల్చి రాజహంసను బ్రవేశపెట్టెను. హంసకు శరత్తుతోఁ గల సంబంధమాతనికిఁ దెలియును. కాని యచట హంస పురాణమునుండి వచ్చినది, ఏటినుండి కాదు. శ్రీనాథుని శృంగారనైషధమున దీనికి భిన్నముగా నొకచోటు గలదు. శ్రీహర్షుని మొదటి సర్గలో నలునకుఁ జిక్కక మున్ను హంస యొక్కకాలిపై నిలిచి, మెడ నడ్డముగా వంచి, తలను ఱెక్కలోఁ గప్పికొని కొలఁకు చెంత నిదురించును. అది పట్టువడఁగానే తక్కిన పక్షులు బెదరి లేచి కూయును. నదియొడ్డునఁ జూచినవాఁ డీ రెండు సంగతులను వెంటనే గుర్తించును. బంగారుఱెక్కలు కల్పన, ఒంటికాలి నిదుర సత్యము. కల్పన నమ్మఁబడుటకు సత్యమే కారణము. పక్షి యట్లు నిదురింపకున్నచో నలుఁడు దానిని జేతఁబట్టుట యసంభవముగాఁ దోఁచెడిది.

ఆ పిదప హంస ముదుసలితల్లిని, భార్యను, పసికూనలను దలంచి విలపించుట మన విద్యార్థులందఱకుఁ దెలిసిన ఘట్టము. శ్రీనాథుఁడు తెలుఁగున దానికిచ్చిన కరుణ మూలమునకుఁ దీసిపోదు. దీనిని మనుష్యుల భావము పక్షిపై నారోపించుట యనుట పరిపాటి. ఆరోపణ యున్నమాట నిజమే. కాని యది యాధారము లేని యారోపణ కాదు. పెద్దబాతులు దీర్ఘకాలము జంట విడువవు. పిల్లలను దల్లిదండ్రు లిరువురును గాచును. ఆ పిల్లలు మొదటి వలసయందుఁ దల్లిదండ్రులతోఁ గలసియే వచ్చును. మంజీర తిన్నెపై గుంపును నిదానించి చూచినచోఁ దలపైఁ బట్టెలు లేని పక్షులు కొన్ని, పట్టెలున్న రెంటి నడుమ మెలఁగుచుండుట కనఁబడును. పట్టెలు లేనివి యాయేఁటి పిల్లలు. ఇందఱు పక్షులలోఁ గవులు కుటుంబశోకమునకు హంసనే యేల యెన్నుకొనిరో యా దృశ్యము చెప్పును. పింగళిసూరన ప్రభావతీప్రద్యుమ్నమున శుచిముఖిని నమ్మదగిన దూతగా నిలుపుటయు, దూరదేశముల కేఁగి మరలివచ్చు పక్షికే తగిన పని.

నీరక్షీరవివేక మొక్కటి మిగిలినది. దానిని నేను సత్యమని సమర్థింపను. తామరతూఁడు విఱిచినఁ బాలవంటి రసము స్రవించుననియు, తూండ్లు మేయు హంస నీటినుండి యా పాలను గ్రహించుటయే యీ ప్రసిద్ధికి మూలమనియు నొక వ్యాఖ్యానము గలదు. అది సమంజసమే కాని నిర్ణయము కాదు. వివేకి కుపమానముగా నది గొప్ప కల్పన. కల్పనగానే దానిని గౌరవింతము. సత్యమును గల్పనను వేఱుచేయుమనియే కదా యా కల్పన మనకు నేర్పునది.

తుదకు మన ప్రబంధములపై నొక యాక్షేపము. తెలుఁగునేల కీ పక్షులు మిక్కుటముగా వచ్చునది శరత్తు గడచిన పిదప; హేమంతశిశిరములే యిచట హంసఋతువులు. కాళిదాసు హేమంతవర్ణనమునందును సరస్సులలోఁ గాదంబములను నిలిపెను. కాదంబ మనఁగాఁ గలహంసయే యని యమరుఁడు. మన ప్రబంధకవులలోఁ బెక్కండ్రు మాత్రము హంసను శరత్తునకే కట్టివైచి, హేమంతమును మంచుతోను, వాడిన తామరలతోను, కుంపటులతోను నింపిరి. తమ యేఱు మంచులో హంసలతో నిండియున్నవేళ, ఉత్తరదేశపు పంచాంగమును జూచి వర్ణించిరి. కవిసమయము కవికిఁ జేసిన యపకార మిదియే: అసత్యమును జెప్పించుట కాదు, కన్నెదుటి సత్యమును జెప్పనీయకుండుట. రాజశేఖరుని రెండవ తెఱఁగు, ఉన్నదానిని జెప్పకుండుట, ఇచట నక్షరాల ఫలించినది.

కావునఁ బండితులకు నా విన్నపము. చకోరమును హంసను నొక్క పట్టికలోఁ జదివింపకుఁడు. మార్గశిరపుష్యములలో నొకనాఁ డుదయమున విద్యార్థుల నేటియొడ్డునకుఁ గొనిపోయి, నిశ్శబ్దముగా దూరమున నిలిపి, యా పక్షుల నడకను, నిదురను, శ్రేణిని, కూఁతను జూపుఁడు. పిమ్మట శృంగారనైషధము విప్పుఁడు. ఆ దినమున హంసశబ్దమునకుఁ బక్షివిశేషమని యర్థము చెప్పవలసిన పని యుండదు.